పిచ్చుక గారి వారసులు

వెలగలదిన్నె శాఖా గ్రంథాలయంలో ఒక సోమవారం ఉదయం పిచ్చుక కాలం చేసింది. కాలం చేసిన సంగతి తనే తెర మీద రాసి చూపించింది. చూపించి, ఎప్పటిలాగే పనిలోకి దిగింది.

పిచ్చుక అంటే పిట్ట కాదు. కంప్యూటరు మీట నొక్కగానే లోపల నిద్రలేచి, తెర వెలిగించి, ఏం కావాలి అని నిలబడే సరంజామా. లైనక్స్ అనే పెద్ద కుటుంబంలో, బోలెడు పిల్లలున్న ఒక తల్లికి పుట్టిన చిన్న శాల్తీ. గ్రంథాలయంలో ఉన్న ఆరు కంప్యూటర్లూ ఎక్కడో ఒక కంపెనీ వాడి వాడి, ఇక వద్దనుకుని ఇచ్చినవి. బరువైన సరుకేదైనా ఎక్కిస్తే ఆయాసపడి చతికిలబడేవి. పిచ్చుక మాత్రం వాటిలో హాయిగా తిరిగేది. దాని గొప్పతనాన్ని అటెండరు దాలినాయుడు ఒక్క ముక్కలో చెప్పేవాడు.

"తిండి తక్కువ. పని ఎక్కువ."

దాలినాయుడు ఏం చెప్పినా అంతే ఉండేది. మూడో తరగతితో బడి మానేశాడు. మాటలు ఇంకా ముందే మానేశాడని గ్రంథాలయానికి వచ్చేవాళ్ళు నవ్వుకునేవారు. అలాంటి మనిషి ఎనిమిదేళ్ళుగా కిటికీ పక్క కంప్యూటరు ముందు కూర్చుని, కుడిచేతి చూపుడువేలు ఒక్కటే వాడి, గ్రంథాలయంలోని పుస్తకాలన్నిటి పేర్లూ ఎక్కిస్తున్నాడు. పేరు, రాసినవారు, ఏ బీరువా, ఎన్నో అర. మొదట్లో రోజుకు మూడో నాలుగో, ఇప్పుడు పది పుస్తకాలు. మొత్తం పదకొండు వేల మూడువందలు. ఇంకా ఆరువందల నలభై మిగిలాయి. పదవీ విరమణకు నాలుగు నెలలుంది. రోజుకు పది చొప్పున లెక్క కట్టుకుంటే, రెండు జ్వరాలకూ ఒక పెళ్ళికీ సెలవు పెట్టినా, ఇంకా రోజులు మిగులుతాయి. ఆయన జీవితంలో మొదలుపెట్టి పూర్తి చేయబోతున్న చదువు అదొక్కటే.

"బాబాయ్, ఇది మూతపడిందట," అంది లైబ్రేరియన్ కుసుమకుమారి తెర మీది ఇంగ్లీషు చదివి. "దీన్ని తయారు చేసినాయన ఇక నావల్ల కాదన్నాడు. మరమ్మతులుండవు. ఇంకొకటి చూసుకోమంటున్నాడు."

దాలినాయుడు తెర వంక చూశాడు. "పన్జేస్తంది గదమ్మా."

"ఇప్పుడు చేస్తుంది. ఇంకో ఏడాది పోతే ఉద్యోగాల దరఖాస్తుల పేజీ ఒక్కటీ తెరుచుకోదు. మనదగ్గరికి వచ్చేవాళ్ళంతా దానికే కదా వచ్చేది."

ఆమె ఆ మధ్యాహ్నమే వెతికింది. పిచ్చుకను ఇష్టపడినవాళ్ళు దాని నుంచే పుట్టించినవి మూడు కనిపించాయి. కొంగ, పాలపిట్ట, గువ్వ. మూడింటినీ పెన్‌డ్రైవులో తెచ్చి కిటికీ పక్క కంప్యూటరులో నడిపి చూసింది. కొంగ నిలబడింది కానీ కదలలేదు. పాలపిట్ట కదిలింది కానీ నిలబడలేదు. గువ్వ మాత్రం అచ్చం పిచ్చుకలాగే లేచి కూర్చుంది.

"ఇదే," అన్నాడు దాలినాయుడు.

"ఒక్కోదానికి అరగంట. మూడు గంటల్లో ఆరూ అయిపోతాయి. జిల్లా ఆఫీసు నుంచి అనుమతి ఒక్కటి వస్తే చాలు."

ఆ ఒక్కటి దగ్గరే కథ మొదలైంది.

కుసుమకుమారి అంతకు ముందు వారమే 'తెలుగులోనే పాలన' అనే మూడురోజుల శిక్షణ పొంది వచ్చింది. ఆ నెల జిల్లా ఆఫీసంతా ఆ ఊపులో ఉంది. ఉత్తరంలో ఇంగ్లీషు మాట ఒక్కటి కనబడినా చుట్టూ ఎర్రసున్నా చుట్టి వెనక్కి పంపుతున్నారు. 'ఇన్‌స్టాల్' అని రాయడానికి లేదు. శిక్షణలో ఇచ్చిన పదకోశం తిరగేసింది. దానికి రెండు అర్థాలున్నాయి. ఒకటి ప్రతిష్ఠించుట. రెండు నియమించుట.

"ఎక్కించాలని రాయొచ్చు గదమ్మా?" అన్నాడు దాలినాయుడు. ఆయన ఎప్పుడూ ఆ మాటే అంటాడు.

"అది ఆఫీసు భాష కాదు బాబాయ్."

ప్రతిష్ఠించుట అని రాస్తే కాగితం దేవాదాయ శాఖకు పోతుందేమోనని భయపడింది. అందుకని ఇలా రాసింది: 'ఎనిమిదేళ్ళుగా మా గ్రంథాలయ సేవలో ఉన్న పిచ్చుక నిలిచిపోయినందున, దాని స్థానంలో దాని సంతతికే చెందిన గువ్వను నియమించుటకు అనుమతి ప్రసాదించవలసినదిగా ప్రార్థన.'

చక్కటి తెలుగు. ఒక్క ఎర్రసున్నా పడలేదు. జిల్లా ఆఫీసులో ఉత్తరాలు విడదీసే గుమాస్తా 'సేవలో ఉన్న', 'సంతతి', 'నియమించుట' అన్న మూడు మాటలూ చూసి, కాగితాన్ని నేరుగా సిబ్బంది విభాగంలో, కారుణ్య నియామకాల బల్లమీద పెట్టాడు.

ఆ బల్లకు అవతల సూపరింటెండెంటు మార్కండేయులు ఉన్నారు. సర్వీసులో చనిపోయినవారి ఉద్యోగం వారి ఇంట్లో ఒకరికి ఇప్పించడం ఆయన పని. ముప్ఫై ఏళ్ళుగా ఆయన చేతిలోంచి దాటిపోయిన దొంగ వారసుడు లేడు. అసలు వారసులు కూడా అంత సులభంగా దాటలేదు.

వారం తిరక్కుండా ఆయనే స్వయంగా తనిఖీకి వచ్చారు. వచ్చేసరికి దాలినాయుడు కిటికీ దగ్గర కూర్చుని ఒక వ్యవసాయం పుస్తకం పేరు కొడుతున్నాడు.

"మృతులు ఎక్కడ?" అన్నారు మార్కండేయులు.

కుసుమకుమారికి అర్థం కాలేదు. కాస్సేపటికి అయింది. అయ్యాక ఇంకా కంగారు పడింది. "సార్, అది మనిషి కాదండీ. కంప్యూటరు లోపల ఉండేది."

"మనిషా కాదా అన్నది నిబంధనలో ఎక్కడా లేదమ్మా. 'సేవలో ఉండగా' అని ఉంది. సేవలో ఉందా, లేదా?"

"ఉందండి."

"నిలిచిపోయిందని మీరే రాశారా?"

"రాశానండి."

"సంతతి ఉందని?"

"రాశానండి, కానీ…"

"అయితే ఫైలు సక్రమంగానే పుట్టింది. పుట్టిన ఫైలును ఇది ఫలానా కాదు అని చంపే అధికారం మీకూ లేదు, నాకూ లేదు." ఆయన దాలినాయుడి భుజం మీదుగా తెర చూశారు. "ఇదేమిటి? ఏమిటి నడుస్తోంది?"

"పిచ్చుకే బాబూ," అన్నాడు దాలినాయుడు.

మార్కండేయులు రెండడుగులు వెనక్కి వేశారు. "మరణించిన ఉద్యోగి చేత పని చేయిస్తున్నారా?"

"సచ్చిపోనేదు బాబూ. పన్జేస్తంది."

"చనిపోకపోతే వారసుడికి ఉద్యోగం ఎలా అడిగారు? చనిపోతే పని ఎలా చేస్తోంది? రెండింట్లో ఏదో ఒకటి తప్పుడు సమాచారం. ఏది తప్పో తేలేవరకూ గది మూసివేయడమైనది."

అలా గదికి తాళం పడింది. తాళం మీద గుడ్డ, గుడ్డ మీద లక్క, లక్క మీద ముద్ర. దాలినాయుడు వ్యవసాయం పుస్తకాన్ని సగం పేరు దగ్గర వదిలేసి లేవాల్సి వచ్చింది. లోపల మిగిలిపోయిన పుస్తకాలు ఆరువందల పద్దెనిమిది. బయట మిగిలిన రోజులు ఆయన వేళ్ళమీద ఉన్నాయి.

తరువాత నెలంతా పిచ్చుక ఎలా పోయిందన్న విచారణ జరిగింది. దాన్ని తయారు చేసినాయన పెట్టిన ప్రకటనను కుసుమకుమారి తెలుగు చేసి పంపింది. 'ఇక నావల్ల కాదు. ఇన్నాళ్ళు ఆదరించినందుకు నమస్కారం. సెలవు.' మార్కండేయులు దాన్ని మూడుసార్లు చదివి తాఖీదు పంపారు: 'జతపరచిన పత్రము మరణమును సూచించుట లేదు. రాజీనామాను పోలియున్నది. రాజీనామా చేసినవారి సంతతికి కారుణ్యము వర్తించదు. సదరు పిచ్చుక మరణించినదా, రాజీనామా చేసినదా, ఆచూకీ లేకుండా పోయినదా స్పష్టపరచవలెను. ఆచూకీ లేని యెడల ఏడు సంవత్సరములు వేచియుండవలెను.'

"ఏడేళ్ళే!" అంది కుసుమకుమారి.

"సచ్చిపోయిందనే రాసీండమ్మా," అన్నాడు దాలినాయుడు. ఆ మాట అనడానికి ఆయనకు కొంచెం కష్టమే అయింది.

చనిపోయిందని రాశారు. వెంటనే జిల్లా ఆఫీసులో సంతాప సభ పెట్టి రెండు నిమిషాలు మౌనం పాటించారు. పిచ్చుక గుర్తును రంగుల్లో అచ్చు వేయించి, చట్రం కట్టి, బంతిపూల దండ వేశారు. దండ తెచ్చింది దాలినాయుడే. మృతురాలు ఎంతో నిరాడంబరురాలని, ఎనిమిదేళ్ళలో ఒక్కరోజు కూడా సెలవు అడగలేదని, నేటి తరం సిబ్బంది ఆమెను చూసి నేర్చుకోవాలని మార్కండేయులు ప్రసంగించారు. సభలో ఒకరిద్దరు కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళు వేరే విభాగం వాళ్ళు. ఎవరు పోయారో ఆఖరిదాకా తెలియలేదు.

మరణం తేలింది. ఇక కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలి. అది తహసీల్దారు ఆఫీసు ఇవ్వాలి. విచారణకు ఆర్‌.ఐ. జోగారావు మోటారుసైకిలు మీద వచ్చి, గ్రంథాలయం అరుగుమీద కూర్చుని, ఫారం విప్పాడు.

"తల్లి ఉందా?"

"ఉంది బాబూ," అన్నాడు దాలినాయుడు. "సానా పెద్ద మడిసి. ఆవిడకి నూటేబైమంది పిల్లలు."

జోగారావు కలం ఆపాడు. "ఒక్కావిడకే?"

"ఒక్కావిడకే."

"ఫారంలో ఆరు గళ్ళే ఉన్నాయి. 'తదితరులు' అని రాస్తాను. పోయినావిడకు పిల్లలు?"

"మూడు. కొంగ, పాలపిట్ట, గువ్వ."

"అందరూ కలిసే ఉంటున్నారా?"

కుసుమకుమారి అందుకుంది. "కొంగ చేసినవాళ్ళు ఏదో పేచీ వచ్చి విడిపోయారండి. పాలపిట్ట మొన్నే ఇంకో పెద్దదాంట్లో కలిసిపోయింది."

జోగారావు రాసుకుంటూ పైకి చదివాడు. "పెద్దవాడు కొంగ, తగాదా పడి వేరు కాపురం. ఆధారపడినవాడు కాదు. పాలపిట్ట, పెళ్ళయి అత్తవారింట్లో ఉంది. ఇక గువ్వ. ఈ పిల్ల ఎవరి పోషణలో ఉంది?"

"నా పెన్‌డ్రైవులో ఉందండి," అంది కుసుమకుమారి నీరసంగా.

"మీ సంరక్షణలో ఉంది. మంచిది. ఇరుగుపొరుగు వాంగ్మూలాలు రెండు కావాలి."

ఎదురుగా టీ కొట్టు అసిరమ్మది. ఆమెను పిలిచి, పిచ్చుక నీకు తెలుసా అని అడిగాడు.

"తెల్దేటి బాబూ! మా సూరులోనే గూడెట్టీది. పొద్దున్నలేస్తే ఒకటే కిచకిచ. పాపం, ఎవుల్నీ ఏటీ అన్నేదు."

"ఆఖరిసారి ఎప్పుడు చూశావు?"

"ఈ సెల్ టవరు ఏసినకాణ్ణించీ అవుపళ్ళేదు. ఆ టవరే పొట్టనెట్టుకుంది బాబూ దాన్ని."

దాలినాయుడు ఏదో చెప్పబోయాడు. జోగారావు చెయ్యెత్తి ఆపాడు. "సాక్షిని తప్పుదారి పట్టించకూడదు." అసిరమ్మ వేలిముద్ర తీసుకున్నాడు. రెండో వాంగ్మూలం కూడా ఆమెదే, ఎడమచేతి వేలిముద్రతో. ధ్రువపత్రంలో మరణ కారణం అన్న చోట 'సెల్ టవరు' అని వచ్చింది. నివాసం అన్న చోట 'టీ కొట్టు చూరు' అని వచ్చింది. దానితో పిచ్చుక గ్రంథాలయం ఇచ్చిన చోట ఉండకుండా బయట కాపురం పెట్టినందుకు సంజాయిషీ అడుగుతూ ఇంకో చిన్న ఫైలు పుట్టింది.

ఈలోగా మూడు నెలలు గడిచాయి. దరఖాస్తులు నింపుకునేవాళ్ళు వచ్చి, లక్కముద్ర చూసి, బస్సెక్కి పట్నం పోతున్నారు. దాలినాయుడు రోజూ మూసిన తలుపు ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. మొదట్లో పుస్తకాల పేర్లు కాగితం మీద రాసిపెట్టుకుందామనుకున్నాడు. ఆ పుస్తకాల బీరువాలు కూడా తాళం లోపలే ఉన్నాయి.

"ఎన్నాళ్ళుంది బాబాయ్ నీకు?" అని ఒకరోజు అడిగింది కుసుమకుమారి.

"పద్దెనిమిది పన్రోజులు."

"ఇంకా ఎన్ని పుస్తకాలు?"

దాలినాయుడు లక్కముద్ర కేసి వేలు చూపించాడు. ఆమెకూ తెలుసు.

ఆ సాయంత్రమే ఆమె జిల్లా ఆఫీసుకు వెళ్ళి మార్కండేయుల ముందు నిలబడింది. దాలినాయుణ్ణి కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది. ఫైలు అప్పటికి దిండంత అయింది.

"అన్నీ సరిపోయాయమ్మా," అన్నారాయన ఆప్యాయంగా. "గువ్వే అర్హురాలు. అందులో సందేహం లేదు. ఒక్క చిక్కు. వయసు ఎంత?"

"వయసేమిటి సార్?"

"మీ కాగితంలోనే ఉంది. 'గువ్వ నాలుగు పాయింటు రెండు'. అంటే నాలుగేళ్ళ రెండు నెలలు. మైనరును నియమించడానికి వీల్లేదు."

"అది వయసు కాదు సార్, కూర్పు సంఖ్య!"

"పుట్టినప్పుడు ఒకటి కాదా?"

"ఒకటేనండి."

"ఏటేటా పెరగదా?"

"పెరుగుతుందండి."

"దాన్నే మా విభాగంలో వయసంటాము. కంగారు పడకండి. నిబంధన చాలా దయగలది. మైనరు అయితే, పద్దెనిమిది నిండేవరకు ఆ ఉద్యోగం ఎవరికీ ఇవ్వకుండా అట్టేపెడతాము. పధ్నాలుగేళ్ళు ఎంతలో గడుస్తాయి? ఉత్తర్వులు తయారవుతున్నాయి. అప్పటిదాకా గది సీలు అలాగే ఉంటుంది, పిల్ల ఆస్తి కదా."

కుసుమకుమారి బయటికి వచ్చి మెట్లమీద కూలబడింది. దాలినాయుడు కూలబడలేదు. ఆయన చుట్టూ చూశాడు. వరండా చివర 'సామగ్రి విభాగము' అని బల్ల ఒకటి ఉంది. కుర్చీలు, బీరువాలు, ఫ్యాన్లు ఏ ఊరికి పంపాలో చూసే చోటు.

"అమ్మా, ఓ తెల్లకాయితం ఇయ్యండి."

"ఎందుకు బాబాయ్?"

"ఉత్తరం."

ఎనిమిదేళ్ళలో పదివేల పైచిలుకు పుస్తకాల పేర్లు కొట్టిన మనిషి. తన మాటగా ఒక వాక్యం ఎప్పుడూ రాయలేదు. వరండా గోడకు కాగితం ఆనించి, ఒక్కో అక్షరమే చెక్కినట్టు రాశాడు: 'వెలగలదిన్నె లైబ్రరీ కంప్యూటర్లు ఆరు. ఎక్కించాలి. గది తెరవాలి. ఎక్కించమంటారా? ఇట్లు దాలినాయుడు, అటెండరు.'

సామగ్రి విభాగం గుమాస్తా దాన్ని ఒక్కసారి చూశాడు. లారీ ఎక్కించడం వాళ్ళకు రోజూ ఉండే పని. పాత సామాను కదిలిస్తున్నారనుకున్నాడు. ఏ లారీ, ఎక్కడికి అన్నది రవాణా విభాగం గొడవ, తనది కాదు. పది నిమిషాల్లో ముద్ర కొట్టి ఇచ్చాడు. 'సదరు గది తెరచి ఎక్కించుటకు అనుమతించడమైనది. జాగ్రత్తగా ఎక్కించవలెను. దింపుటకు ఈ విభాగము బాధ్యత వహించదు.'

కుసుమకుమారి ఆ కాగితాన్ని బస్సులో నాలుగుసార్లు చదువుకుంది. "బాబాయ్, వాళ్ళు వేరే ఎక్కించడం అనుకున్నారు."

"ఎక్కించమన్నారు గదమ్మా. దేన్లోకని అడగనేదు."

మర్నాడు పొద్దున్న లక్క పగిలింది. దాలినాయుడు మొదట తన జాబితాను పెన్‌డ్రైవులోకి తీసి, రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. తరువాత ఒక్కో కంప్యూటరుకూ గువ్వను ఎక్కించారు. ఒక్కోదానికి అరగంట, మొత్తం మూడు గంటలు. మూడు నెలలుగా ఆగిన మూడు గంటలు. మధ్యాహ్నానికి దరఖాస్తులవాళ్ళు ఐదు కంప్యూటర్ల ముందూ కూర్చున్నారు. ఆరోది ఆయనది.

సగంలో వదిలేసిన వ్యవసాయం పుస్తకం పేరు పూర్తి చేశాడు. ఆ రోజు నుంచి చూపుడువేలికి తోడు మధ్యవేలిని కూడా పనిలోకి దింపాడు. రోజుకు ఇరవై, ఒక్కోరోజు పాతిక. అసిరమ్మ టీ తెచ్చి పక్కన పెడితే చల్లారిపోయేది. అయినా రోజులు చాలలేదు. పదవీ విరమణ రోజు సాయంత్రానికి ఇంకా రెండువందల పన్నెండు పుస్తకాలు మిగిలాయి.

శాలువా కప్పారు. కుసుమకుమారి రెండు మాటలు చెప్పి కూర్చుంది. దాలినాయుణ్ణి మాట్లాడమన్నారు.

"రెండొందల పన్నెండున్నాయి," అని కూర్చున్నాడు.

అప్పుడే తపాలా వచ్చింది. మార్కండేయుల విభాగం నుంచి ఉత్తర్వులు. కుసుమకుమారి కవరు విప్పింది. సీలు పగిలిన సంగతి తెలిసిందేమోనని ఆమె భయం. సిబ్బంది విభాగానికి సామగ్రి విభాగం సంగతి తెలియడానికి వేరే ఫైలు కావాలి. అది ఇంకా పుట్టలేదు. ఉత్తర్వులో ఇలా ఉంది:

'మృతురాలు పిచ్చుక స్థానమును మైనరు గువ్వకు పధ్నాలుగు సంవత్సరములు ప్రత్యేకించడమైనది. మైనరు యోగక్షేమములు చూచుటకు, మృతురాలితో ఎనిమిది సంవత్సరములు సన్నిహితముగా మెలగిన శ్రీ దాలినాయుడును సంరక్షకునిగా నియమించడమైనది. ఇతడు ప్రతిదినము మైనరు చెంతకు హాజరై, పెంపకమును స్వయముగా పర్యవేక్షించవలెను. జీతభత్యములు లేవు. మైనరు ప్రవర్తనపై నివేదిక పంపవలెను.'

కుసుమకుమారి చదవడం ముగించి తలెత్తింది. "బాబాయ్! పధ్నాలుగేళ్ళు రోజూ రావాలట!"

దాలినాయుడు శాలువా మడిచి కుర్చీ వీపుకు వేశాడు. కిటికీ పక్క కూర్చుని మీట నొక్కాడు. గువ్వ లేచింది.

పన్నెండు రోజులకు ఆఖరి పుస్తకం ఎక్కింది. పదకొండు వేల మూడువందలు. ఆయన ఇంటికి పోకుండా, ఉత్తర్వులో అడిగినట్టే నివేదిక రాశాడు. 'పిల్ల బుద్ధిగా ఉంది. మాట వింటుంది. తిండి తక్కువ. పని ఎక్కువ.'

వారానికి జవాబు వచ్చింది. 'మైనరుకు తిండి తక్కువ, పని ఎక్కువ అని తామే స్వహస్తములతో అంగీకరించియున్నారు. పసిబిడ్డను పస్తులుంచి చాకిరీ చేయించుచున్నందుకు తమపై చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను.'

దాలినాయుడు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు. జాబితా తెరిచి, కింద కొత్త వరుసలో పేరు కొట్టాడు. రాసినవారు: మార్కండేయులు. సంఖ్య: పదకొండు వేల మూడువందల ఒకటి. కాగితానికి అట్ట వేసి, చీటీ అంటించి, తీసుకెళ్ళి పిల్లల పుస్తకాల అరలో పెట్టాడు.

"అక్కడెందుకు బాబాయ్?" అంది కుసుమకుమారి.

"పసిగుంట గురించే గదమ్మా."